పంచాయతి కార్యాలయమున వైఫై తెగిపోవుట: కారణములు, నివారణోపాయములు

చిలకలూరిపేట పరిసర గ్రామములందు మిరప కోతల దినములలో ఒక పూట పని మానుకొనుట యనగా ఒక పూట కూలి పోగొట్టుకొనుటయే. అట్టి దినమున ధ్రువపత్రమునకై వచ్చిన కూలి స్త్రీ "నెట్టు లేదమ్మా, రేపు రండి" అను మాట వినవలసి వచ్చినచో ఆమెకు మరునాటి కూలియు పోవును. 2020 ఏప్రిల్ 24న ఈ-గ్రామస్వరాజ్ ప్రారంభమైనది మొదలు పంచాయతి ప్రణాళికలు, లెక్కలు, చెల్లింపులు సైతము ఈ మార్గముననే సాగుచున్నవి. కావున నెట్టు నిలుచుట, తెగుట పంచాయతి సభ్యులు పట్టించుకొనదగిన విషయము. దోషమెచ్చట నున్నదో తెలిసికొనక క్రొత్త పరికరములు కొనుట మాత్రము ధనవ్యయమే యగును.

నెట్టు కార్యాలయమునకు రెండు అంచెలుగా వచ్చును. మొదటి అంచె గాజుతీగ, అనగా ఫైబరు. మన రాష్ట్రమున ఫైబర్‌గ్రిడ్‌ను 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ గారు ప్రారంభించిరి. ఈ తీగ పెక్కుచోట్ల విద్యుత్ స్తంభముల మీదుగనే సాగినది. గాలివానకు కొమ్మ విరిగి పడినను, ఎత్తుగా పత్తి నింపిన బండి క్రిందికి జారిన తీగకు తగిలినను అది తెగవచ్చును. రెండవ అంచె వైఫై. ఇది గోడనున్న పెట్టె (రౌటరు) నుండి కంప్యూటరు వరకు తీగలేకయే గాలిలో సాగును.

తీగలేని సంబంధములన్నియు ఒక తీరువి కావు. బ్లూటూత్ సాధారణముగా ఒక గదిలోని పరికరములను కలుపును. వైఫై ఒక భవనమునకు చాలును. సెల్‌ఫోను గోపురము కొన్ని కిలోమీటర్ల మేర పనిచేయును. ఇంటింటికి తిరిగి పింఛను అందించు ఉద్యోగి చేతి పరికరమునకు ఇదియే ఆధారము. కావున కార్యాలయమున వైఫై నిలిచినను ఫోనులో నెట్టు వచ్చుచుండవచ్చును. ఒకటి పనిచేయుచున్నదని రెండవదియు బాగుగా నున్నదని తలపరాదు.

దోషము కనుగొను క్రమము సులభమైనది. మొదట పెట్టెకు విద్యుత్తు అందుచున్నదా యని చూడవలెను. పిదప దాని దీపములను గమనింపవలెను. ఎల్.ఓ.ఎస్. అను దీపము ఎఱ్ఱగా వెలుగుచున్నచో గాజుతీగ ద్వారా కాంతి చేరుటలేదని అర్థము. అప్పుడు పెట్టెను మార్చి ప్రయోజనము లేదు. తీగ నిర్వహించువారికి తెలుపవలెను. దీపములు సరిగా నున్నచో ఒక కంప్యూటరును పెట్టెకు తీగతో కలిపి చూడవలెను. తీగతో నెట్టు నిలకడగా వచ్చి, తీగ తీసిన పిదప తెగుచున్నచో దోషము వైఫైలోనిదే. ఒక్క పరికరమునకు మాత్రమే తెగుచున్నచో ఆ పరికరమునే పరీక్షింపవలెను.

వైఫై దోషములలో పెక్కింటికి ఖర్చు లేని చికిత్స కలదు. ఇనుప బీరువా వెనుక గాని, నీటితొట్టి ప్రక్కన గాని పెట్టె నుంచరాదు. లోహము తరంగములను అడ్డగించును, నీరు పీల్చుకొనును. గది నడుమ, ఎత్తైన చోట నుంచుట మేలు. 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగములు దూరము పోవును, గోడలను కొంత మేరకు దాటును. 5 గిగాహెర్ట్‌జ్ తరంగములు వేగము నిచ్చును గాని గోడ దాటుసరికి క్షీణించును. కావున దూరపు గదికి మొదటిది, పెట్టె చెంతనున్న కంప్యూటరుకు రెండవది తగును. 2.4 పట్టీని 2005లో ప్రభుత్వము లైసెన్సు లేకయే వాడుకొననిచ్చినది. అందుచేత అందు రద్దీ మెండు. ఇరుగుపొరుగు పెట్టెలతో ఘర్షణ కలిగినపుడు పెట్టె అమరికలో 1, 6, 11 మార్గములలో రద్దీ తక్కువగా నున్నదానిని ఎన్నుకొనవలెను. దూది పీచు, ధూళి చేరి రంధ్రములు మూసికొనినచో పెట్టె వేడెక్కి ఆగిపోవచ్చును. విద్యుత్తు ఆపి, పొడిగుడ్డతో తుడువవలెను. రహస్యపదము ఊరెల్లరకు తెలిసియున్నచో దానిని మార్చవలెను.

ప్రతి కార్యాలయమునను ఒక పుస్తకము నుంచి నెట్టు తెగిన తేది, వేళ, దీపముల స్థితి, తీగ పరీక్ష ఫలితము, వాతావరణము వ్రాయించుట యుక్తము. నెల దినములకే మధ్యాహ్నపు వేడియా, గాలివానయా, విద్యుత్తు హెచ్చుతగ్గులా కారణమైనది తేటపడును. ఫిర్యాదు చేయునపుడు ఈ వ్రాత సాక్ష్యమగును. క్రొత్త పెట్టెకై తీర్మానము సమావేశమునకు వచ్చినపుడు సభ్యులు మొదట ఈ పుస్తకమును తెప్పించి చూడవలెను.