రికార్డింగ్ మ్యాగజైన్లు: నాకు నేర్పినవి, ఇంకా నేర్పాల్సినవి

మొదటి జీతం రాగానే చాలామంది ఫోన్ మారుస్తారు. నేను మైక్ కొన్నా. ఒక కండెన్సర్ మైక్, దానికో ఆడియో ఇంటర్‌ఫేస్, స్టాండు, పాప్ ఫిల్టర్. అన్నీ కలిపి ఇరవై వేలు దాటింది. కారణం మా నాయనమ్మ. ఆమెకి నలుగు పాటలు, పెళ్లి పాటలు, అప్పగింతల పాటలు ఎన్నొచ్చో ఆమెకే లెక్క తెలీదు. ఎక్కడా రాసి పెట్టుకోలేదు, అన్నీ నోటికే.

నేను చూసిన ఆన్‌లైన్ రివ్యూల్లో ఆ మైక్‌కి ఐదుకి ఐదు స్టార్లు. ఊరికి తీసుకెళ్లి, నాయనమ్మకి మూడడుగుల దూరంలో పెట్టి, పదకొండు పాటలు రికార్డ్ చేశా. హైదరాబాద్ వచ్చాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే ఫ్యాన్ మోత, పక్కింటి మిక్సీ, గోడలకి తగిలి తిరిగొచ్చే గొంతు. నాయనమ్మ ఎక్కడో వెనక గదిలో కూర్చుని పాడినట్టుంది. నాయిస్ రిమూవల్ ప్లగిన్ వేసి చూశా. ఫ్యాన్‌తో పాటు ఆమె గొంతులో ఉండే జీర కూడా పోయింది.

మైక్ బాగానే ఉంది. తప్పు నాది, కొంత ఆ రివ్యూలది కూడా. ఏ మైక్ కొనాలో చెప్పాయి గానీ, దాన్ని ఎక్కడ పెట్టాలో, ఎలాంటి గదిలో పనికొస్తుందో ఒక్క ముక్క చెప్పలేదు. ఆ సమాధానాల కోసం వెతుకుతూ రికార్డింగ్ మ్యాగజైన్లలో పడ్డా. మూడేళ్లుగా వదలకుండా చదువుతున్నా. వాటిలో నాకు బాగా నచ్చినవేంటి, అవి ఎక్కడ మారితే మనలాంటి వాళ్లకి ఇంకా పనికొస్తాయి అన్నదే ఈ ఆర్టికల్.

సౌండ్ ఆన్ సౌండ్: క్లాస్‌రూమ్ లాంటి పత్రిక

1985లో బ్రిటన్‌లో మొదలైంది. టేప్ మీద ఒకసారి రికార్డ్ చేసినదానిపైనే ఇంకో లేయర్ చేర్చే పాత పద్ధతి ఒకటుంది, ఈ పత్రిక పేరు దాని నుంచే వచ్చింది. కొత్త సంచికలకి చందా కట్టాలి, పాత వ్యాసాలు మాత్రం చాలావరకు వెబ్‌సైట్‌లో ఉచితంగానే చదవొచ్చు.

ఇందులో నాకు ఇష్టమైనవి మూడు. మొదటిది మిక్స్ రెస్క్యూ. పాఠకుడు తన పాటని పంపిస్తే, దాన్ని మళ్లీ మిక్స్ చేసి, ఏం మార్చారో ఎందుకు మార్చారో రాస్తారు. ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది అని ఆడియో ఫైల్స్ కూడా పెడతారు. కోడ్ రివ్యూ అలవాటున్న వాళ్లకి ఇది వెంటనే నచ్చుతుంది.

రెండోది స్టూడియో ఎస్ఓఎస్. పత్రిక వాళ్లే పాఠకుడి ఇంటికి వెళ్లి స్పీకర్లు జరిపి, గోడలకి ఫోమ్ పెట్టి, సమస్య ఏంటో చూస్తారు. వాళ్లకి పెట్టే చాక్లెట్ హాబ్‌నాబ్ బిస్కెట్లు ఆ శీర్షికలో ఎప్పుడూ నడిచే జోకు. చదువుతుంటే ఒక విషయం అర్థమవుతుంది. కొత్త సామాను కొనకుండానే చాలా సమస్యలు తీరిపోతాయి.

మూడోది సింత్ సీక్రెట్స్. గార్డన్ రీడ్ 1999 నుంచి 2004 దాకా 63 భాగాలుగా రాశాడు. సింథసైజర్ లోపల శబ్దం ఎలా పుడుతుంది, ఫిల్టర్ ఏం చేస్తుంది అని బ్లాక్ డయాగ్రాములతో మొదటి నుంచీ చెప్పుకొస్తాడు. బీటెక్‌లో సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ పేపర్ ఎలాగో గట్టెక్కిన నాకు, ఆ సబ్జెక్ట్ నిజంగా అర్థమైంది ఇక్కడే.

నా పాత తప్పు కూడా ఇలాంటి వ్యాసాలు చదివాకే తెలిసింది. గొంతుకి, మైక్‌కి మధ్య దూరం సగం చేస్తే గొంతు సుమారు 6 డీబీ పెరుగుతుంది. ఫ్యాన్ మోత, గదిలో తిరిగే శబ్దం దాదాపు అలాగే ఉంటాయి. నేను పెట్టింది మూడడుగులు. దాన్ని జానెడు దూరానికి, అంటే తొమ్మిది అంగుళాలకి తెచ్చుంటే, దూరం రెండుసార్లు సగమైనట్టు. ఫ్యాన్‌తో పోలిస్తే నాయనమ్మ గొంతు 12 డీబీ పైకొచ్చేది. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇంకో అపోహ కూడా అప్పుడే పోయింది. "కండెన్సర్ మైక్ గదినంతా పట్టేస్తుంది, డైనమిక్ అయితే పట్టదు" అని అందరూ అంటుంటారు. కండెన్సర్‌కి సెన్సిటివిటీ ఎక్కువ, నిజమే. కానీ అది గొంతునీ, ఫ్యాన్‌నీ రెండింటినీ కలిపే పెంచుతుంది. రెండింటి మధ్య తేడాని తేల్చేది ప్రధానంగా దూరం, మైక్ ఏ దిక్కు నుంచి వింటుందన్నది. డైనమిక్ మైక్‌ని మనం నోటికి ఆనించి పాడతాం కాబట్టి అది గదిని పట్టనట్టు అనిపిస్తుంది, అంతే.

టేప్ ఆప్, మిక్స్

టేప్ ఆప్‌ని 1996లో ల్యారీ క్రేన్ అమెరికాలో ఒక చిన్న సొంత పత్రికలా మొదలుపెట్టాడు. అమెరికాలో ప్రింట్ చందా ఉచితం, మనం డిజిటల్‌లో చదువుకోవచ్చు. దీని బలం ఇంటర్వ్యూలు. పెద్ద పేరున్న ఇంజనీర్లతో పాటు, ఇంటి బేస్‌మెంట్‌లో రికార్డ్ చేసుకునే వాళ్లనీ అంతే శ్రద్ధగా అడుగుతారు. "ఏం వాడారు" దగ్గర ఆగిపోకుండా "ఎందుకలా చేశారు" దాకా వెళ్తారు.

మిక్స్ పత్రిక 1977లో కాలిఫోర్నియాలో పుట్టింది. పెద్ద స్టూడియోలు, సినిమా సౌండ్, కచేరీల సౌండ్ ఎక్కువ. అందులో కనిపించే కన్సోల్ నేను జన్మలో కొనలేను. అయినా సినిమాలో వర్షం చప్పుడు వెనక ఎంతమంది పని ఉంటుందో తెలుసుకోవడానికి చదువుతా.

ఎక్కడ మారాలి

ఒకటి, వినిపించే పద్ధతి. మైక్ గురించి "వెచ్చగా ఉంది", "గాలి ఉంది", "సిల్కీగా ఉంది" అని పేజీలకి పేజీలు రాస్తారు. ఆ మాటలు నాకొకలా, మీకొకలా అర్థమవుతాయి. ప్రతి మైక్ రివ్యూకీ ఒకే గొంతు, ఒకే దూరం, ఒకే గదిలో తీసిన వేవ్ ఫైల్స్ పెట్టాలి. లెవెల్ కూడా సమానం చేయాలి. రెండు క్లిప్పుల్లో ఒకటి కాస్త గట్టిగా ఉంటే చాలు, మన చెవికి అదే బాగున్నట్టు అనిపిస్తుంది. ఒక్క డీబీ తేడాతో తీర్పు తారుమారవుతుంది. ఫైల్స్ ఇచ్చే పత్రికలు ఉన్నాయి, కానీ అది ప్రతి రివ్యూకీ తప్పనిసరి కావాలి.

రెండు, జోడీగా రివ్యూ చేయడం. పాడ్‌కాస్టుల్లో అందరి ముందూ కనిపించే షూర్ ఎస్ఎం7బీ తీసుకోండి. మంచి మైక్, అందులో సందేహం లేదు. కానీ దాని అవుట్‌పుట్ చాలా తక్కువ. షూర్ వాళ్లే కనీసం 60 డీబీ గెయిన్ కావాలంటారు. చవక ఇంటర్‌ఫేస్‌లో నాబ్ చివరిదాకా తిప్పితే గొంతుతో పాటు 'స్‌స్‌' అనే హిస్ కూడా వస్తుంది. ఆ మైక్ ఒక్కదాన్నే లక్షల ఖరీదు చేసే ప్రీఆంప్‌కి తగిలించి రివ్యూ చేస్తే, ఐదారు వేల ఇంటర్‌ఫేస్ ఉన్న స్టూడెంట్‌కి ఏం ఉపయోగం? ప్రతి మైక్‌నీ ఒక చవక ఇంటర్‌ఫేస్‌తో కూడా పరీక్షించాలి.

మూడు, "ఎవరికి వద్దు" అన్న బాక్స్. ఈ పత్రికల్లో రివ్యూ ఒక పేజీలో ఉంటే, అలాంటి సామానుదే ప్రకటన ఇంకో పేజీలో ఉంటుంది. డబ్బు తీసుకుని రాస్తున్నారని నేననడం లేదు. కానీ చదివేవాడికి అనుమానం వస్తుంది. ఆ అనుమానం పోగొట్టడం పత్రిక బాధ్యతే. "మీ గదిలో ఫ్యాన్ ఆపడం కుదరకపోతే ఈ మైక్ కొనొద్దు" అని ఒక్క లైను రాసుంటే నా ఇరవై వేల కథ వేరేలా ఉండేది.

నాలుగు, ఏడాది తర్వాత మళ్లీ రివ్యూ. ఫోన్లకి ఈ అలవాటు వచ్చింది, ఆడియో సామానుకి ఇంకా రావాలి. 2019లో ఆపిల్ మ్యాక్ ఓఎస్ కాటలినాతో 32 బిట్ సాఫ్ట్‌వేర్‌కి సపోర్ట్ తీసేసింది. దాంతో ఎన్నో పాత ప్లగిన్లు ఒక్క అప్‌డేట్‌తో పనికిరాకుండా పోయాయి. ఇంటర్‌ఫేస్ ఆయుష్షు దాని డ్రైవర్ ఎన్నాళ్లు అప్‌డేట్ అవుతుందన్న దాని మీదే ఉంటుంది. కొన్న రోజు సౌండ్ ఎలా ఉందన్నది సగం సమాచారమే.

ఐదు, మన సంగీతం, మన గదులు. నేను చదివిన వ్యాసాల్లో డ్రమ్ కిట్‌కి మైకులు ఎలా పెట్టాలో కుప్పలు తెప్పలుగా ఉంది. డప్పు, మృదంగం, వీణ గురించి చాలా తక్కువ. మృదంగానికి రెండు వైపులా రెండు వేరే శబ్దాలు. ఒక్క మైక్ ఉంటే ఎక్కడ పెట్టాలి? నాపరాళ్ల నేల, సిమెంటు గోడలు, మే నెల ఎండలో ఆపలేని ఫ్యాన్, ల్యాప్‌టాప్‌కి చార్జర్ పెట్టగానే జుయ్యిమనే 50 హెర్ట్జ్ హమ్. ఇలాంటి గదికి స్టూడియో ఎస్ఓఎస్ లాంటి శీర్షిక ఒకటి కావాలి.

ఆరు, ఫోన్. ఈరోజు చాలామందికి మొదటి రికార్డర్ ఫోనే. దాన్ని బొమ్మలా చూడడం మానేయాలి. ఫోన్‌లో నాయిస్ సప్రెషన్ ఆగకుండా ఒకేలా వచ్చే శబ్దాన్ని మోతగా లెక్కేసి తగ్గిస్తుంది. తంబూరా శ్రుతి కూడా ఆగకుండా ఒకేలా మోగుతుంది. పాపం, ఫోన్‌కి అది కూడా ఫ్యాన్ లాగే కనిపిస్తుంది! ఆండ్రాయిడ్ 7.0 నుంచి 'అన్‌ప్రాసెస్డ్' అనే ఆడియో సోర్స్ ఉంది. ఫోన్ సపోర్ట్ చేస్తే, యాప్ ఆ ఫిల్టర్లేవీ లేని శబ్దాన్ని తీసుకోవచ్చు. ఏ ఫోన్ దీన్ని నిజంగా ఇస్తుందో చెప్పే పట్టిక ఒక్కటి వేస్తే ఆ సంచికని నేను దాచుకుంటా. ఫోన్ రివ్యూలు రాసే మనం కూడా కెమెరాకి నాలుగు పేజీలు, మైక్‌కి ఒక లైను ఇస్తున్నాం. ఈ మార్పు మన దగ్గర నుంచి కూడా మొదలవ్వాలి.

తర్వాత ఏమైందంటే

పోయిన సంక్రాంతికి అదే మైక్ తీసుకుని మళ్లీ ఊరెళ్లా. ఫ్యాన్ ఆపేశా. నాయనమ్మ వెనక దండెం కట్టి రెండు బొంతలు వేశా. మైక్ వెనక భాగం కిటికీ వైపు ఉండేలా తిప్పి, ఆమె నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా పెట్టా. ఈసారి హెడ్‌ఫోన్స్‌లో వింటే ఆమె పక్కనే కూర్చున్నట్టుంది. ఊపిరి తీసుకునే చప్పుడు కూడా వినిపిస్తోంది.

కానీ పదకొండులో ఎనిమిది పాటలే వచ్చాయి. మిగతా మూడు గుర్తు రావట్లేదంది. పల్లవి దాకా వచ్చి ఆగిపోయింది. ఆ మూడు పాటలూ ఫ్యాన్ మోత ఉన్న పాత ఫైల్స్‌లోనే ఉన్నాయి. వాటిని డిలీట్ చేయలేదు, రెండు చోట్ల బ్యాకప్ తీసి పెట్టా.

కాబట్టి మీ ఇంట్లో పాడేవాళ్లు ఎవరైనా ఉంటే మంచి మైక్ కొనేదాకా ఆగకండి. ఫ్యాన్ ఆపి, మెత్తటి దుప్పట్లు, బట్టలు ఉన్న గదిలో కూర్చోబెట్టి, ఫోన్‌ని జానెడు దూరంలో పెట్టి ఇవాళే రికార్డ్ చేయండి. ఒక నిమిషం రికార్డ్ చేసి, అక్కడే హెడ్‌ఫోన్స్‌లో విని, బాగుంటేనే ముందుకెళ్లండి. మైక్ రివ్యూలు ఆ తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.