చేరడం వేరు, మొదలుపెట్టడం వేరు
ఆన్‌లైన్ కోర్సు: అపోహలు – వాస్తవాలు

జూన్‌లో ధవళేశ్వరం నుంచి కాలువలకు నీళ్లు వదులుతారు. జులై వచ్చేసరికి డెల్టా అంతా నారుమళ్లూ నాట్లూ. అదే నెలలో కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక స్వయం, అందులో భాగంగా ఐఐటీలు నడిపే ఎన్‌పీటీఈఎల్ కోర్సులు కూడా మొదలవుతాయి. రాజమండ్రి, తణుకు, భీమవరం, అమలాపురం, ఏ ఊరి కాలేజీకి వెళ్లినా నోటీసు బోర్డు మీద ఆ కాగితం కనిపిస్తుంది. పిల్లలు ఉత్సాహంగా పేర్లు ఇస్తారు. అక్టోబరు నాటికి పరీక్ష హాలు దాకా వెళ్లేవాళ్లు ఎందరని అడిగితే, నేను పాఠం చెప్పిన తరగతుల్లో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే.

ఆగిపోయిన పిల్లలతో కూర్చుని మాట్లాడాను. పాఠం కష్టమై ఆగిపోయినవాళ్లు తక్కువ. ఎక్కువమంది మొదటి రెండు వారాల్లోనే దారి తప్పారు. అలా తప్పించింది ఎవరో చెప్పగా విని నమ్మిన మాటలు. వాటిలో కొన్నిటిని ఇక్కడ సరిచేయాలని ఉంది.

“పేరు నమోదైంది, చేరిపోయినట్టే”

“మెయిల్ వచ్చేసిందండి మాస్టారూ, ఇంక చేరిపోయినట్టేగా?” ఏటా వినే ప్రశ్న ఇది. స్వయంలో కోర్సుకు పేరు నమోదు చేసుకోవడానికి రూపాయి ఖర్చు లేదు, రెండు నిమిషాల పని. పరీక్షకు నమోదు పూర్తిగా వేరు. దానికి ఇంకో దరఖాస్తు, ఇంకో గడువు తేదీ, రుసుము ఉంటాయి. ఎన్‌పీటీఈఎల్‌లో చాలాకాలంగా కోర్సుకు 1000 రూపాయలు తీసుకుంటున్నారు. ఫొటో, సంతకం ఎక్కించి, పరీక్ష రాసే ఊరు ఎంచుకోవాలి. పాఠాలన్నీ విని, అసైన్‌మెంట్లన్నీ పెట్టి, పరీక్ష నమోదు తేదీ దాటిపోయాక వచ్చి కళ్లనీళ్లు పెట్టుకున్న పిల్లలున్నారు. అప్పుడు ఎవరం ఏమీ చేయలేం.

పేరు విషయంలోనూ మన వైపు ఒక చిక్కుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో వెనక్కి పోతుంది, ఇంకోచోట పొడి అక్షరమై మిగులుతుంది. సర్టిఫికెట్ మీద మీరు దరఖాస్తులో రాసిన పేరే పడుతుంది. కనుక ఆ ఒక్క గడి దగ్గర నిదానించి, చూపించబోయే గుర్తింపు కార్డు పక్కన పెట్టుకుని రాయండి.

చేరి తెరవకపోవడం మన పిల్లల దగ్గరే ఉన్న జబ్బేమీ కాదు. హార్వర్డ్, ఎంఐటీ విశ్వవిద్యాలయాలు ఆన్‌లైన్ వేదిక ఎడెక్స్‌లో నడిపిన కోర్సుల లెక్కలను జస్టిన్ రైక్, హోసె రూయిపెరెజ్ వాలియెంటె అనే ఇద్దరు పరిశోధకులు పరిశీలించి 2019లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించారు. పేరు నమోదు చేసుకున్నవాళ్లలో 52 శాతం మంది అసలు పాఠం పేజీలోకే అడుగుపెట్టలేదు. 2017–18లో కోర్సు పూర్తిచేసినవాళ్లు మొత్తంలో 3.13 శాతం. సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవాళ్లలో మాత్రం 46 శాతం పూర్తిచేశారు. డబ్బు చదివిస్తుందని నేను అనను. చివరిదాకా వెళ్లాలని ముందే గట్టిగా అనుకున్నవాళ్లే డబ్బు కడతారు. అలా అనుకోవడం మొదటి రోజే జరగాలి.

అందుకే చేరిన రోజునే నేను పిల్లల చేత ఒక పని చేయిస్తాను. ఇంట్లో పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండరు ఉంటుంది కదా, దాని మీద ప్రతి అసైన్‌మెంట్ గడువు, పరీక్ష నమోదు చివరి తేదీ, పరీక్ష తేదీ ఎర్ర సిరాతో రాయమంటాను. ఫోన్‌లో పెట్టుకున్న గుర్తు ఒక్కరికే కనిపిస్తుంది. గోడ మీదిది అమ్మకీ కనిపిస్తుంది. “ఏమ్మా, ఇవాళ ఏదో ఉందని రాశావు” అని అడిగే మనిషి ఇంట్లో ఉంటే సగం బలం.

“ఖాళీ దొరికినప్పుడు చదువుకోవచ్చు”

ఆన్‌లైన్ అంటే వేళాపాళా లేనిదని చాలామంది నమ్మకం. వీడియో వరకు అది నిజమే, అర్ధరాత్రి చూసినా ఆడుతుంది. అసైన్‌మెంట్ అలా ఆగదు.

రబీ పంట దాళ్వాలో గోదావరిలో నీరు చాలని ఏడాది కాలువకు వంతులు పెడతారు. శివారు రైతు తన వంతు తెల్లవారుజామున వచ్చినా టార్చిలైటు పట్టుకుని చేలోకి పోవలసిందే. తర్వాత చూసుకుందామంటే నీరు పక్క చేనికి పోతుంది. వారం వారం వచ్చే అసైన్‌మెంట్ గడువూ అంతే. ఎన్‌పీటీఈఎల్‌లో మొత్తం వంద మార్కుల్లో 25 అసైన్‌మెంట్లకు, 75 పరీక్షకు. సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో 25కు 10, పరీక్షలో 75కు 30 విడివిడిగా రావాలి. పరీక్షలో డెబ్భై తెచ్చుకున్నా, అసైన్‌మెంట్లు వదిలేస్తే చేతికి ఏమీ రాదు. పన్నెండు వారాల కోర్సులో బాగా వచ్చిన ఎనిమిది అసైన్‌మెంట్ల సగటు తీసుకుంటారు. ఆ వెసులుబాటు జ్వరం వచ్చిన వారం కోసం, ఇంట్లో పెళ్లి వచ్చిన వారం కోసం. మొదటి నాలుగూ మానేయడానికి వాడుకుంటే, అసలు అవసరం వచ్చిన వారానికి చేతిలో ఏమీ మిగలదు.

మన ప్రాంతంలో ఆ అవసరం వస్తుంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాల్లో జనం గట్టెక్కితే చాలనుకున్నారు. పాఠాల సంగతి ఎవరికి గుర్తుంటుంది? లంకల్లో ఉండే పిల్లలకు నేను చెప్పేది ఒకటే. జులై మొదలుకొని ఆగస్టు దాటేదాకా పాఠం తెరిచిన రోజే చూసెయ్యండి, అసైన్‌మెంట్ గడువు చివరి రాత్రికి ఉంచకండి.

వారానికి ఎంత సమయం కావాలి? మూడు క్రెడిట్ల కోర్సంటే వారానికి రెండున్నర, మూడు గంటల వీడియో ఉంటుంది. రాసుకోవడానికి, లెక్కలు చేయడానికి ఇంకో అంత. రోజుకు గంట చొప్పున ఆరు రోజులు అనుకోండి. ఆ గంట ఎప్పుడన్నది ముందే తేల్చుకోవాలి. ఉదయం కాలేజీ బస్సుకు ముందా, సాయంత్రం దీపం పెట్టాకా? ఏదైనా సరే, రోజూ అదే వేళ అయితే మేలు.

“వీడియో చూస్తే వచ్చేసినట్టే”

నాకు ఎక్కువ బెంగ కలిగించే అపోహ ఇది. వీడియో చూస్తున్నంతసేపూ అంతా అర్థమవుతున్నట్టే ఉంటుంది. ఐఐటీ ప్రొఫెసరు బోర్డు మీద ఒక్కో మెట్టూ ఎక్కిస్తుంటే మనమూ ఎక్కేశామనిపిస్తుంది. వీడియో మూసి తెల్లకాగితం ముందు కూర్చుంటే తెలుస్తుంది అసలు సంగతి.

2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. ఒక జట్టు ఒక పాఠాన్ని నాలుగుసార్లు చదివింది. ఇంకో జట్టు ఒక్కసారి చదివి, మూడుసార్లు చూడకుండా గుర్తున్నంత రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే తారుమారైంది: చదివినవాళ్లకు గుర్తున్నది 40 శాతం, రాసి చూసుకున్నవాళ్లకు 61 శాతం. మన పాతకాలపు బళ్లలో అప్పజెప్పించుకోవడం అనేవారు గుర్తుందా? అర్థం లేకుండా బట్టీ పట్టించడం తప్పే కానీ, పుస్తకం మూసి చెప్పమనడంలో ఇంత సత్తువ ఉంది.

ఎడెక్స్ వీడియోల మీద 2014లో వచ్చిన మరో అధ్యయనం, జనం ఏకాగ్రతగా చూసేది ఆరు నిమిషాల వరకే అని తేల్చింది. మరి అరగంట వీడియో వస్తే? నాలుగైదు ముక్కలు చేసుకోండి. ఒక్కో ముక్క అయ్యాక ఆపి, నోటుబుక్కులో మూడు వాక్యాలు సొంతంగా రాయండి, తెలుగులో రాసినా సరే. ఒకటిన్నర వేగంతో మొత్తం చూసి “అయిపోయిందండి” అనే పిల్లవాడి కంటే, సగం వీడియోకే ఆగి రెండు పేజీలు రాసిన పిల్లవాడిని నేను నమ్ముతాను.

“ల్యాప్‌టాప్, మంచి నెట్ లేకపోతే కుదరదు”

కోనసీమలో సఖినేటిపల్లి మండలంలోని మోరి గ్రామానికి 2016 డిసెంబరులోనే ఫైబర్ నెట్ వచ్చింది. రాష్ట్రంలో తొలి డిజిటల్ గ్రామంగా దాని పేరు పత్రికల్లో మారుమోగింది. అదే కోనసీమలో 2022 మే నెలాఖరున, అమలాపురం అల్లర్ల తర్వాత, రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నల్ వెతుక్కుంటూ జిల్లా దాటి వెళ్లవలసి వచ్చింది. నెట్ ఉండటం, పోవడం రెండూ మనవాళ్లకు అనుభవమే.

పాఠం వినడానికి ఎప్పుడూ నెట్ ఉండనక్కరలేదు. ఎన్‌పీటీఈఎల్ వీడియోలు దించుకోవచ్చు. కాలేజీ వైఫై దగ్గర వారానికి సరిపడా దించుకుని ఇంటికి వెళ్లి చూసే పిల్లలు చాలామంది ఉన్నారు. తక్కువ నాణ్యతలో పెట్టుకున్నా బోర్డు మీది అక్షరాలు చదవగలిగితే చాలు. నెట్ అసలే అందని ఇంట్లో స్వయంప్రభ చానళ్లున్నాయి, డీటీహెచ్‌లో ఉచితం. అసైన్‌మెంట్లు చాలావరకు సరైన జవాబు ఎంచుకునేవే, ఫోన్‌లో పెట్టేయొచ్చు. ప్రోగ్రామింగ్ కోర్సులకు మాత్రం కంప్యూటర్ కావలసిందే. కాలేజీ ల్యాబ్ ఏ వేళల్లో తెరిచి ఉంటుందో ముందే కనుక్కుని చేరండి.

పరీక్ష కూడా ఇంట్లోనే అనుకునేవాళ్లున్నారు. ఎన్‌పీటీఈఎల్ పరీక్ష కేంద్రానికి వెళ్లి, పర్యవేక్షకుల ముందు కంప్యూటర్ మీద రాయాలి.

“ఇంగ్లీషు రాకపోతే దండగ”

తెలుగు మీడియం పిల్లలు ముందుగా వెనక్కి తగ్గేది ఇక్కడే. తరగతిలో సారు ఇంగ్లీషులో చెప్పిన మాట ఒక్కసారి వినపడి పోతుంది. వీడియోను పదిసార్లు వెనక్కి తిప్పొచ్చు, కింద అక్షరాలు పెట్టుకోవచ్చు. చాలా ఎన్‌పీటీఈఎల్ కోర్సుల పాఠాలకు తెలుగు అనువాదాలూ ఉన్నాయి. మొదటి రెండు వారాలు భారంగా ఉంటుంది. ఒక కోర్సులో వాడే ముఖ్యమైన మాటలు కొన్నే, అవే మళ్లీ మళ్లీ వస్తాయి.

“ఆన్‌లైన్ చదువుకు విలువ లేదు”, “ఆన్‌లైన్ అయితే ఏదైనా ఒకటే”

రెండూ తప్పే. దూరంగా ఉండి చదవడం తెలుగువాళ్లకు కొత్త కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లోనే కరస్పాండెన్స్ కోర్సులు పెట్టింది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన ఉమ్మడి రాష్ట్రంలోనే 1982లో పుట్టింది. దాన్ని తీర్చిదిద్దిన తొలి ఉపకులపతి జి. రామ్‌రెడ్డి గారే ఆ తర్వాత ఇగ్నోకూ తొలి ఉపకులపతి అయ్యారు.

ఇక నిబంధనలు. గుర్తింపు ఉన్న సంస్థ నుంచి దూరవిద్యలో గాని ఆన్‌లైన్‌లో గాని తీసుకున్న డిగ్రీ, కాలేజీకి వెళ్లి తీసుకున్న డిగ్రీతో సమానమని యూజీసీ 2022లో స్పష్టంగా చెప్పింది. గుర్తింపు ఉన్న సంస్థ అన్న మాటే ఇక్కడ ప్రాణం. డబ్బు కట్టేముందు ఆ విశ్వవిద్యాలయానికి ఆ కోర్సుకు, ఆ ఏడాదికి అనుమతి ఉందో లేదో యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. ఇంజనీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, న్యాయశాస్త్రం లాంటి డిగ్రీలను ఆన్‌లైన్‌లో ఇవ్వడానికి యూజీసీ అనుమతి లేదు. ఎవరైనా ఇస్తామని ఫోన్ చేస్తే అక్కడికక్కడే పెట్టేయండి. పది రోజుల్లో ఎంబీఏ అంటూ తిరిగిన ప్రకటనల గురించి 2024లో యూజీసీయే హెచ్చరించింది. పొలం అమ్మి వచ్చిన డబ్బు ఇలాంటిచోట పోతే ఆ ఇల్లు మళ్లీ తేరుకోవడం చాలా కష్టం.

డిగ్రీ వేరు, కోర్సు సర్టిఫికెట్ వేరు. స్వయం కోర్సు మార్కులు మీ డిగ్రీలో కలిసే వీలుంది. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం వరకు ఇలా తీసుకోవచ్చు. దానికి మీ కాలేజీ, విశ్వవిద్యాలయం ముందే ఆమోదించిన జాబితాలో ఆ కోర్సు ఉండాలి. పరీక్ష పాసై వచ్చి అడిగితే కాదు, చేరేముందే మీ విభాగాధిపతి దగ్గర కాగితం మీద మాట తీసుకోండి.

“ఒక్కళ్లమే చదువుకోవాలి”

ఈ మాట ఎవరు పుట్టించారో గాని, చాలామందిని ముంచింది. ఒక ఏడాది లంక ఊళ్ల నుంచి వచ్చే ముగ్గురు అమ్మాయిలు ఒకే కోర్సులో చేరారు. ఒకరి ఫోన్‌లోనే మంచి నెట్ వచ్చేది. ఆ అమ్మాయి వీడియోలు దించి మిగతా ఇద్దరికీ పంపేది. ఆదివారం మధ్యాహ్నం ఒకరి ఇంటి అరుగు మీద కూర్చుని, వారంలో ఒక్కో పాఠాన్ని ఒక్కొక్కరు మిగతావాళ్లకు చెప్పాలని నియమం పెట్టుకున్నారు. చెప్పలేనివాళ్లు మళ్లీ చూసి రావాలి. ఆ ఇంటి నాయనమ్మ జంతికలు పెట్టి పక్కనే కూర్చునేదట. “ఇదేంటే, నిన్నటికీ ఇవాళ్టికీ మాట మారుస్తున్నావు” అని ఆవిడ పట్టుకున్న తప్పు ఒకసారి నిజంగానే తప్పయిందని చెప్పి నవ్వుకున్నారు.

ముగ్గురూ పరీక్ష రాశారు. ఇద్దరికి సర్టిఫికెట్ వచ్చింది. మూడో అమ్మాయి జనవరి కోర్సుల జాబితా ఎప్పుడు వస్తుందని మర్నాడే అడిగింది.