బుర్రలో చోటు నాలుగింటికే!

ఓటీపీ టైప్ చేసేలోపే మరిచిపోయే మనిషి జాతే వంద పద్యాలు ధారణ చేస్తుంది. రెండూ ఎలా సాధ్యం?

అష్టావధానం సాగుతోంది. సమస్య ఇచ్చేవారు ఒకరు, దత్తపది ఇచ్చేవారు మరొకరు. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అవధాని నోట రాబోయే అక్షరాన్ని పసిగట్టి అది కూడదంటాడు. సరిగ్గా పాదం కుదురుతున్న వేళ అప్రస్తుత ప్రసంగి ఓ చమత్కారం విసురుతాడు. మధ్యమధ్య గంట మోగుతుంది. ఎన్నిసార్లో లెక్క తప్పకూడదు. ఆవృత్తికో పాదం చొప్పున నాలుగు ఆవృత్తుల్లో పద్యాలు పూర్తిచేసి, చివర్లో అన్నిటినీ పొల్లుపోకుండా అప్పజెప్పాలి.

చూసేవాళ్లకు ‘ఈయన బుర్రే వేరు’ అనిపిస్తుంది. కానీ క్షణకాలపు జ్ఞాపకం మనుషుల్లో చాలా ఇరుకైనది. ఆ ఇరుకులో ఇంత పని ఎలా నడుస్తుందన్నదే ఆసక్తికరం.

పద్దెనిమిది సెకన్లలో ఖాళీ

విన్న వెంటనే తిరిగి చెప్పగలిగేవి ఏడు, మహా అయితే రెండు అటూ ఇటూ అని అమెరికన్ మనస్తత్వవేత్త జార్జ్ మిల్లర్ 1956లో రాశాడు. లోలోపల వల్లెవేసుకునే వీలు, జట్లు కట్టుకునే వీలు లేకుండా చేస్తే నిలిచేవి నాలుగేనని 2001లో నెల్సన్ కోవన్ తేల్చాడు.

ఎంతసేపు నిలుస్తాయన్నది 1959లో పీటర్సన్ దంపతులు పరీక్షించారు. మూడు హల్లులు వినిపించి, వెంటనే ఒక సంఖ్య నుంచి మూడేసి తగ్గిస్తూ వెనక్కి లెక్కపెట్టమన్నారు. 18 సెకన్లు గడిచేసరికి ఆ మూడు అక్షరాలను సరిగ్గా చెప్పగలిగింది పదింట సుమారు ఒక్కసారే.

దాచడమే కాదు, పని కూడా

1974లో బ్రిటన్ శాస్త్రవేత్తలు అలన్ బాడ్లీ, గ్రాహం హిచ్ ఈ క్షణకాలపు జ్ఞాపకానికి ‘వర్కింగ్ మెమరీ’ నమూనా ప్రతిపాదించారు. అందులో ఒక భాగం విన్నదాన్ని లోలోపల పలుకుతూ నిలుపుతుంది. ఇంకోటి రూపాలనూ స్థానాలనూ పట్టుకుంటుంది. ఈ రెండింటి మీదా ధ్యాసను పంచే అజమాయిషీ మూడోది. నంబరు గొణుక్కుంటుంటే పక్కనెవరో అంకెలు చదివితే తడబడతాం. అదే గోడమీద బొమ్మ చూస్తే అంతగా తడబడం. రెండూ వేర్వేరు ఖాతాలు మరి!

తెలుగు వాక్యం అర్థం చేసుకోవడానికీ ఇదే కావాలి. ‘నిన్న సంతలో కనిపించిన మావయ్య తెచ్చిచ్చిన విత్తనాలు అక్క...’ అన్నాక నాటిందో, అమ్మిందో క్రియ వచ్చేదాకా తెలియదు. అందాకా అన్నిటినీ పట్టుకుని ఉండాల్సిందే.

ఈ జ్ఞాపకం శాశ్వత జ్ఞాపకానికి భిన్నమని తెలిసింది హెన్రీ మొలైసన్ అనే రోగి వల్ల. మూర్ఛ తగ్గించేందుకు 1953లో అతని మెదడులో రెండువైపులా హిప్పోక్యాంపస్‌లో చాలా భాగం తొలగించారు. చెప్పిన అంకెలు వెంటనే తిరిగి చెప్పేవాడు. ధ్యాస మళ్లితే మాత్రం, అసలు అంకెలు విన్న సంగతే గుర్తుండేది కాదు.

ఏడు నుంచి డెబ్బై తొమ్మిదికి

కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో పరిశోధకులు ఎరిక్సన్, ఛేజ్ ఒక మామూలు విద్యార్థికి అంకెల సాధన చేయించారు. దాదాపు 20 నెలల్లో, 230 గంటల సాధనతో అతను 7 అంకెల నుంచి 79కి చేరాడు. కిటుకేమిటంటే అతను పరుగు పందేల మనిషి. 3492 అని వింటే ‘మైలు పరుగు, 3 నిమిషాల 49.2 సెకన్లు’ అని తనకు తెలిసినదానికి ముడివేసేవాడు. నాలుగు అంకెలు ఒక్కటయ్యేవి. అంకెల బదులు అక్షరాలు ఇచ్చి చూస్తే మళ్లీ ఆరు దగ్గరే ఆగాడు. పాత్ర పెరగలేదు, సరుకు సర్దే తీరు మారింది.

అవధాని చేసేదీ ఇలాంటిదేనని నా అభిప్రాయం. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలుంటాయి. వాటి గురులఘువుల వరుస ముందే ఖాయం. పదో అక్షరం యతి, రెండోది ప్రాస. సమస్యలో ఇచ్చిన పాదం, దత్తపదిలో ఇచ్చిన పదాలు ఆ పద్యానికే చెందిన ఆనవాళ్లు. ఏళ్ల తరబడి ఛందస్సు ఒంటబట్టినవారికి అది ఇరవై అక్షరాల మూట కాదు, ఒకే భావం. మిగతాదంతా శాశ్వత జ్ఞాపకం మోస్తుంది.

మనకేం పనికొస్తుంది?

బుర్రకు పదును పెడతామనే ఆటలు ఆడితే ఎక్కువగా ఆ ఆటలోనే నైపుణ్యం పెరుగుతుంది. చదువుకో లెక్కలకో అది పాకుతుందన్న ఆధారాలు బలహీనం. ఆందోళన మాత్రం ఉన్న కాస్త చోటునూ ఆక్రమిస్తుంది. పరీక్ష హాల్లో తెలిసిన లెక్క తప్పడానికి అదీ ఒక కారణం.

కాబట్టి పిల్లలకు ఒకే గుక్కలో ఆరు పనులు చెప్పి, మూడు మరిచిపోయారని తిట్టకండి. రెండేసి చెప్పండి, మిగతావి కాగితం మీద రాయించండి. కొత్త పాఠాన్ని వాళ్లకు తెలిసిన ఏదో ఒకదానితో ముడిపెట్టండి. మీరూ ముఖ్యమైన పని చేసేటప్పుడు ఫోన్ పక్కన పెట్టండి. చోటు నాలుగింటికే ఉన్నప్పుడు అందులో ఒకటి వాట్సాప్‌కు ఇవ్వడం దండగ.