కూరల సంచి నేర్పే చదువు

పదవ తరగతిలో ప్రవేశించిన బిడ్డకు మన ఇళ్లలో ఒక విచిత్రమైన గౌరవం లభిస్తుంది. కంచం ముందుకు వస్తుంది; మంచినీళ్లు చేతికి వస్తాయి; అంగడికి వెళ్లే పని తండ్రికో తాతగారికో చేరుతుంది. ఎందుకని అడిగితే, "పాపం, పరీక్షలు కదా!" అంటారు. గణితంలో 100కి 100 తెచ్చుకొన్న ఆ బిడ్డే, కిలో 40 రూపాయల వంకాయలు 350 గ్రాములు తూయించుకొని, 14 రూపాయలు ఇవ్వాలని తోచక తెల్లబోతే మనకు నవ్వు వస్తుంది. నిజానికి ఆ నవ్వు మన మీద మనం నవ్వుకోవలసింది.

నేను తొమ్మిదవ తరగతి చదివే రోజుల్లో మా అమ్మ తొలిసారిగా సంచీ, డబ్బూ చేతికిచ్చి, "ఏం కావాలో నువ్వే చూసి తీసుకురా, నాయనా" అన్నది. పెద్దవిగా, నిగనిగలాడుతూ కనిపించిన బెండకాయలు కిలో తెచ్చాను. అమ్మ ఒక కాయ కొస వంచి చూసింది. అది పుటుక్కున విరగలేదు, పీచుతో వేలాడింది. ఆమె ఒక్క మాట అనలేదు. మధ్యాహ్నం ఆ కూరే అందరికీ వడ్డించింది. నాన్నగారు నమిలి నమిలి, పీచు పక్కన పెట్టి, మజ్జిగ పోయించుకొన్నారు. ఆనాటి నుండి ముదురు బెండకాయ నా సంచిలోకి రాలేదు.

పిల్లలను అంగడికి పంపడం వేరు. అంగడి బాధ్యత అప్పగించడం వేరు. "అర కిలో టమాటా, కట్ట కొత్తిమీర" అని చీటీ రాసి పంపితే కాళ్లకు మాత్రమే పని. వారానికింత అని సొమ్ము ఇచ్చి, ఇంట్లో ఏమున్నదో, ఏది నిండుకొన్నదో చూసుకొని చీటీ వారినే రాసుకొమ్మంటే బుద్ధికి పని. పొరపాటు చేసే స్వేచ్ఛ లేనిచోట వివేకం అలవడదు.

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన రైతుబజారులు ఈ చదువుకు చక్కని బడులు. దళారి ప్రమేయం లేకుండా పండించినవారే అమ్ముకోవాలన్నది వాటి ఉద్దేశం. ఆనాటి ధరలు అక్కడ బోర్డుపై కనిపిస్తాయి. ఆ ధరకూ, వీధి చివరి బండి మీది ధరకూ తేడా ఎందుకున్నదని ఆలోచించిన విద్యార్థికి రవాణా ఖర్చు, వాడిపోయిన సరుకు నష్టం, మధ్యవారి లాభం వాటంతటవే బోధపడతాయి. తెల్లవారుజామున మూట దించుకొన్న రైతుతో రెండు రూపాయలకు బేరమాడాలా, వద్దా అన్న ప్రశ్న కూడా అక్కడే ఎదురవుతుంది.

పొట్లాల సరుకుది మరొక పాఠం. అందులోని పదార్థాలను పరిమాణంలో ఎక్కువైన దానితో మొదలుపెట్టి వరుసగా ముద్రించాలని నిబంధన ఉన్నది. పైన మామిడిపండు బొమ్మ, లోపల మొదటి పేరు నీరు, తరువాతది పంచదార అయితే, ఆ బొమ్మను ఎంతవరకు నమ్మాలో పిల్లలే తేల్చగలరు. ముద్రించిన గరిష్ఠ ధరలో పన్నులన్నీ కలిసే ఉంటాయనీ, అంతకు మించి అడగరాదనీ వారికి తెలియాలి. 200 గ్రాముల పొట్లం 58 రూపాయలు, 500 గ్రాములది 135 అనుకొందాం. 100 గ్రాములకు మొదటిది 29, రెండవది 27. పెద్దదే చవక! కాని వాడకముందే పాడైపోతే? ఆ జవాబు ఇంటి వాడకం ఎరిగినవారికే దొరుకుతుంది.

ఉపాధ్యాయులు ఈ అనుభవాన్ని తరగతిలోకి తేవచ్చును. 2023 జూలైలో టమాటా కిలో 100 రూపాయలు దాటింది. అటువంటి ఒడిదుడుకులను పిల్లలు తామే వారం వారం గుర్తించి రేఖాచిత్రం గీస్తే, గణితంతోపాటు వానలూ పంటలూ కూడా అర్థమవుతాయి.

నేడు నగరాలలో ఫోన్ మీద వేలు ఆనిస్తే కూరలు గుమ్మంలోకి వస్తున్నాయి. సౌకర్యమే, కాని వేలికి బరువు తెలియదు, తాజాదనం తెలియదు. ఆదివారం ఉదయం ఒక్క గంట, కొడుకైనా కూతురైనా, సంచీ అందించండి. పరీక్షలకు ఆ గంట లోటు కాదు. తన చేతితో ఏరి తెచ్చిన కూరను కంచంలో వదిలి లేచే పిల్లలు అరుదు. ఇంటి సంపాదన ఎంతలో సరిపెట్టుకొంటున్నదో ఒకసారి తెలిసిన బిడ్డ, అమ్మ "ఈ వారం వద్దులే" అన్నప్పుడు ఎందుకని అడగడు.