చలికాలంలో బందరు వెళ్తున్నారా?

"డాక్టరుగారూ! మా ఊరి నీళ్లు పిల్లకి పడలేదండీ. ఇంక నా కూతురు మా గడప తొక్కదు!"

కొన్నేళ్ల క్రితం కనుమ నాటి సాయంత్రం ఒక పెద్దావిడ కళ్లనీళ్లు పెట్టుకుని నాతో అన్న మాటలివి. ఆవిడది బందరు. కూతురు, అల్లుడు, ఆరేళ్ల మనవరాలు పండక్కి హైదరాబాదు నుంచి వచ్చారు. భోగినాడు మంగినపూడి వెళ్లి సముద్రం చూశారు. అక్కడ ఎప్పుడో కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలు తిన్నారు, ఐసు వేసిన చెరుకురసం తాగారు. సంక్రాంతి రాత్రికి పిల్లకి వాంతులు మొదలయ్యాయి. తెల్లవారేసరికి నీళ్లలాంటి విరేచనాలు. "నీళ్లిస్తే మళ్లీ అవుతాయి, కడుపు ఎండగట్టాలి" అని పొద్దుటి నుంచి చుక్క నీరు పట్టలేదు.

నా దగ్గరకు తెచ్చేసరికి పిల్ల కళ్లు గుంటలు పడ్డాయి. నాలిక పిడచకట్టుకుపోయింది. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే ముడత అలాగే నిలిచి ఉంది. మధ్యాహ్నం నుంచి మూత్రం లేదు. కాళ్లూ చేతులూ చల్లబడుతున్నాయి. వెంటనే నరానికి సెలైను ఎక్కించాం. తాగే ఓపిక రాగానే చెంచాతో ఓ.ఆర్.ఎస్. నీళ్లు పట్టించాం. మర్నాడు పొద్దున్న ఆ పిల్ల అరిసె కావాలని ఏడ్చినప్పుడు గానీ ఆ ఇంటివాళ్ల మొహాల్లో నెత్తురు చుక్క కనబడలేదు.

"నీళ్లిస్తే మళ్లీ విరేచనం అవుతుంది కదండీ?" అని అప్పుడు కూడా అడిగిందావిడ.

"పోయేది పోనివ్వండమ్మా. పోయినదాన్ని పూడ్చకపోతేనే ప్రాణం మీదికొస్తుంది" అన్నాను.

తప్పు బందరుది కాదు. "చలికాలమే కదా, ఏమవుతుందిలే" అన్న ధీమాది. పండగలకీ, తీర్థాలకీ మా కృష్ణా తీరానికి వచ్చేవాళ్లలో నూటికి తొంభైమంది ఆ ధీమాతోనే వస్తారు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఎప్పుడు వెళ్లాలి?

మా తీరంలో నవంబరు నెలని నమ్మకూడదు. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో బందరులో సుమారు 30,000 మంది పోయారని చెబుతారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో అధికార లెక్కల్లోనే సుమారు 10,000 మంది పోయారు. అప్పటికి నేను బడిపిల్లవాణ్ణి. శవాలను మోసుకెళ్లిన లారీల గురించి పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకోవడం ఇప్పటికీ చెవుల్లో ఉంది. మొన్న 2023లో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. అంటే డిసెంబరు మొదటివారం కూడా భరోసా లేనిదే. కార్తీక స్నానాలకు వచ్చేవారు వాతావరణ కేంద్రం హెచ్చరికలు చూసుకునే బయలుదేరాలి. రేవులో ప్రమాద సూచిక ఎగరేశారంటే పుణ్యం ఇంటి దగ్గర తలంటు పోసుకున్నా వస్తుంది.

డిసెంబరు రెండో పక్షం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా మంచి రోజులు. వానలు వెనకబడతాయి, గాలి ఆరుతుంది, ఉక్కపోత ఉండదు. అయితే తెల్లవారుజామున పొలాల మీద మంచు కమ్ముకుంటుంది. గుడివాడ నుంచో, విజయవాడ నుంచో కారులో వచ్చేవారు పొద్దెక్కాక బయలుదేరండి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ మంచులోనూ, భోగిమంటల పొగలోనూ నిలబడకండి. పీల్చే మందు జేబులోనే ఉండాలి, పెట్టె అడుగున కాదు.

ఎండ లేదనుకోకండి

బందరు ఉన్నది భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 16 డిగ్రీల దగ్గర. ప్రపంచానికి అటువైపు, కరీబియన్ సముద్రంలో గ్వాడెలూప్ అనే దీవి ఉంది. అక్కడి రేవుపట్నం ప్వాంతాపిత్ర్ కూడా దాదాపు సరిగ్గా ఇదే గీత మీద ఉంది. మన దక్షిణాది కూలీలను ఎక్కించుకుని ఆ దీవికి వెళ్లిన మొదటి ఓడ 1854లో అక్కడికి చేరింది. అక్కడా డిసెంబరు నుంచి పొడి కాలమే. మంచుదేశాల వాళ్లు చలి తప్పించుకోవడానికి అక్కడికి వెళ్లి, చల్లగాలికి మైమరచి పడుకుని, సాయంత్రానికి ఒళ్లు కాలి మూలుగుతారు. గాలి చల్లగా ఉన్నంత మాత్రాన ఎండ చల్లబడదని వాళ్లకు అర్థమయ్యేది అప్పుడే.

మన సంగతీ అంతే. సముద్రపు గాలికి చెమట పట్టినట్టే తెలియదు, ఆరిపోతూ ఉంటుంది. దాహం వేయదు. ఒంట్లో నీరు మాత్రం తగ్గిపోతూనే ఉంటుంది. పదకొండు నుంచి మూడింటి దాకా ఇసుకలో తిరగకండి. తలకు తువ్వాలో, టోపీయో, గొడుగో ఉండాలి. దాహం కోసం ఎదురుచూడకుండా గంట గంటకూ నీళ్లు తాగండి. మూత్రం పసుపుపచ్చగా, కొద్దిగా వస్తుంటే నీరు చాలలేదని అర్థం. గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉండి నీళ్లు తగ్గించమన్న వాళ్లు మాత్రం మీ డాక్టరు చెప్పిన కొలత దాటకండి.

నీళ్లు, తిండి

సముద్రం దగ్గర కాబట్టి ఇక్కడ భూమిలో నీరు చాలాచోట్ల ఉప్పు. తాగడానికి కాలువ నీటినే చెరువుల్లో నిలవచేసి, శుద్ధిచేసి ఇస్తారు. తేటగా ఉన్న నీరల్లా మంచినీరు కాదు. కళపెళా మరిగించి, అదే గిన్నెలో చల్లార్చి, మూతపెట్టి వాడండి. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఉప్పు మాత్రం పోదు. రుచి తేడాగా ఉంటే కంగారు పడకండి. రుచి వేరు, రోగం వేరు. బజారులో ఐసు ముట్టకండి. ఏ నీళ్లతో చేశారో అమ్మేవాడికీ తెలియదు. పండు మీరే కడిగి, మీరే కోసుకుని తినండి. కొబ్బరిబోండాం మీ ఎదుట కొట్టించుకుంటే అంతకంటే శుభ్రమైన పానీయం లేదు.

విరేచనాలు పట్టుకుంటే మొదటి విరేచనంతోనే ఓ.ఆర్.ఎస్. మొదలుపెట్టాలి. పొట్లం మీద ఎంత నీటిలో కలపమని ఉందో అంతే నీటిలో కలపాలి. పొట్లం దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి వేయండి. రెండేళ్లలోపు పిల్లలకు విరేచనమైనప్పుడల్లా అరగ్లాసు దాకా, పెద్దపిల్లలకు గ్లాసు దాకా పట్టండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, చెంచా చెంచాగా మళ్లీ ఇవ్వండి. తల్లిపాలు ఆపకండి. గంజి, మజ్జిగన్నం పెట్టవచ్చు. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో కలరా వచ్చి సెలైను అయిపోతే, డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఈ ఉప్పు, చక్కెర నీళ్లతోనే వేలమందిని బతికించారు. తక్కువ ఖరీదని చులకన చేయకండి. పిల్ల మగతగా పడి ఉన్నా, తాగలేకపోయినా, ఆరుగంటలు మూత్రం రాకపోయినా, విరేచనంలో నెత్తురు కనిపించినా ఆసుపత్రికి పరుగెత్తండి.

ఇక చక్కెర జబ్బువాళ్లకు ఒక మాట. "బందరు లడ్డు బెల్లంతో చేస్తారు కదండీ, పంచదార కాదుగా?" అని అడిగేవాళ్లు చాలామంది. రక్తంలోకి వెళ్లాక బెల్లానికీ పంచదారకీ తేడా లేదు. చిన్నముక్క రుచి చూసి ఊరుకోండి. మాత్రలు, ఇన్సులిన్ మానకండి. ఇన్సులిన్ సీసాను ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే అది మందుగా పనికిరాదు. రక్తపోటు ఉన్నవారు ఎండుచేపల కూరకీ, ఊరగాయలకీ దూరంగా ఉంటే మంచిది.

సముద్రస్నానం

మంగినపూడిలో నల్లమట్టి, లోతు తక్కువ. హంసలదీవి దగ్గర కృష్ణమ్మ సముద్రంలో కలుస్తుంది, మాఘ పౌర్ణమికి వేలమంది స్నానాలకు వస్తారు. రెండుచోట్లా "మోకాలి లోతేగా" అనుకుంటే పొరపాటు. ఒడ్డుకు వచ్చిన అలల నీరు ఒకచోట చేరి వడిగా వెనక్కి లాగుతుంది. నదీముఖంలో ఆ లాగుడు ఇంకా ఎక్కువ. నడుము లోతు దాటకండి. పిల్లల చెయ్యి వదలకండి. తాగి నీళ్లలో దిగకండి. నీరు లాగేస్తే ఒడ్డుకు ఎదురీదకండి. తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తప్పాక ఒడ్డు పట్టండి. ఒకరు మునుగుతుంటే ఈత రానివాళ్లు దూకకూడదు. తాడో, చీరో, ఖాళీ డబ్బావో విసరండి.

నీళ్లలోంచి తీసిన మనిషిని తలకిందులుగా వేలాడదీయడం, గిరగిరా తిప్పడం, పొట్ట నొక్కడం చేయకండి. విలువైన నిమిషాలు వృథా. వెల్లకిలా పడుకోబెట్టి శ్వాస చూడండి. లేకపోతే ముక్కు మూసి, నోట్లో నోరుపెట్టి ఐదుసార్లు ఊదండి. తర్వాత రొమ్ము మధ్య 30 సార్లు గట్టిగా, వేగంగా నొక్కండి. రెండుసార్లు ఊదండి. సాయం అందేదాకా ఇలాగే చేయండి. ఇంకొకరు 108కి ఫోను చేయాలి. తేరుకున్నా ఆసుపత్రిలో చూపించాలి. ఊపిరితిత్తుల్లో చేరిన నీరు కొన్ని గంటల తర్వాత కూడా ప్రమాదం తేవచ్చు.

చక్కెర జబ్బువాళ్లు చెప్పులు విడవకండి. స్పర్శ తగ్గిన పాదానికి గవ్వ గుచ్చుకున్నా తెలియదు. తెలిసేసరికి పుండవుతుంది.

దోమలు, పాములు

వానలు పోయినా నిలవనీరు పోదు. మురుగులో పెరిగే దోమ రాత్రిపూట కుట్టి బోదకాలు తెస్తుంది. అయితే ఆ జబ్బు ఏళ్ల తరబడి, ఎన్నోసార్లు కుడితే వచ్చేది. నాలుగురోజుల చుట్టాలు దానికి బెంగపడనక్కర్లేదు. డెంగీ దోమ అలాకాదు. పూలకుండీ కింది మంచినీళ్లలో పెరుగుతుంది, పట్టపగలే కుడుతుంది, ఒక్క కాటు చాలు. పిల్లలకు నిండుచేతుల చొక్కాలు వేయండి. దోమతెర కట్టుకోండి. ఇంటికి తిరిగి వెళ్లాక రెండువారాల్లో జ్వరం వస్తే, ఎక్కడికి వెళ్లొచ్చారో డాక్టరుకు చెప్పండి. పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటివి సొంతంగా మింగకండి. డెంగీ అయితే రక్తస్రావం తెస్తాయి.

పల్లెల్లో దిగేవాళ్లు రాత్రిపూట చెప్పులు, టార్చిలైటు లేకుండా కుప్పల వైపు వెళ్లకండి. 2018 వానల్లో దివిసీమలో పాముకాట్లు పేపర్లకెక్కాయి. చలికాలంలో తగ్గినా అసలు లేకపోవు. నేల మీద కాక మంచం మీద, దోమతెర చెక్కి పడుకోండి. కట్లపాము కరిచినా నొప్పి తెలియకపోవచ్చు. కాటు పడితే కోయడం, పీల్చడం, తాడు బిగించడం, మంత్రం వేయించడం వద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి నేరుగా సర్కారు ఆసుపత్రికి తీసుకురండి. విరుగుడు సూదిమందు అక్కడ ఉచితం.

సంచిలో ఏముండాలి?

ఓ.ఆర్.ఎస్. పొట్లాలు నాలుగు, పారాసెటమాల్, రోజూ వాడే మాత్రలు నాలుగురోజులు అదనంగా, వాటి చీటీ, దోమల మందు, గాయాలకు పట్టీలు, తలకు టోపీ, నీళ్లసీసా. ఇంతే. చీరల పెట్టెలో ఒక మూల చాలు.

మొన్న సంక్రాంతికి ఆ పెద్దావిడ మనవరాలిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. పిల్ల ఇప్పుడు నాకు భుజాల దాకా ఉంది. భుజాన నీళ్లసీసా. "పోపులడబ్బా పక్కనే ఆ పొట్లాలు పెట్టుకున్నానండీ. వీధిలో ఎవరి పిల్లకి విరేచనాలన్నా నా దగ్గరికే వస్తున్నారు" అందావిడ.

కూతురు గడప తొక్కింది. ఏటా తొక్కుతూనే ఉంది. మీరూ రండి. సముద్రం చూడండి, లడ్డు చిన్నముక్క తినండి, సుఖంగా తిరిగి వెళ్లండి.