చండీగఢములో నాలుగు దినములు

దసరా సెలవులలో మేము చండీగఢ నగరమునకు పోయి వచ్చితిమి. మావారు ఉపాధ్యాయులు. వారి చిన్ననాటి స్నేహితులొకరు అచ్చట ఉద్యోగము చేయుచున్నందున బసకు కొదవ లేకపోయెను. మా అత్తగారును మాతో బయలుదేరిరి. "కాశీ కాదు, రామేశ్వరము కాదు, ఆ ఊళ్లో ఏమున్నదే అమ్మాయీ?" అని ఢిల్లీ వరకు అడుగుచునే యుండిరి. సమీపముననున్న చండీమందిరమును బట్టియే ఊరికి ఆ పేరు వచ్చినదని చెప్పినపిదప కొంత శాంతించిరి.

1947లో దేశము విభజింపబడి లాహోరు పాకిస్థానమునకు పోవుటతో తూర్పు పంజాబునకు రాజధాని లేకపోయెను. శివాలిక్ కొండల పాదమున క్రొత్త నగరము కట్ట నిశ్చయించిరి. మొదట పటము వ్రాసినవారు అమెరికా దేశీయుడగు మేయరుగారు. వారికి తోడైన నోవిట్స్కీ 1950లో విమానప్రమాదమున మరణింపగా, మరుసటియేట ఆ పని లె కార్బూజియే అను శిల్పి చేతికి వచ్చెను. 1953 అక్టోబరు 7వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు నగరమును ప్రారంభించిరి. 1966లో హర్యానా వేరుపడినది మొదలు ఈ యొక్క నగరమే రెండు రాష్ట్రములకు రాజధాని. తాను మాత్రము ఏ రాష్ట్రమునకును చెందక కేంద్రపాలిత ప్రాంతముగా నున్నది. ఇద్దరు కోడండ్రు ఒకే యింట కాపురము చేయుచుండగా ఇల్లు మాత్రము అత్తగారి పేర నున్నట్లు!

ఊరిని సెక్టారులుగా విభజించిరి. ఒక్కొక్కటి సుమారు 1200 మీటర్ల పొడవు, 800 మీటర్ల వెడల్పు. బడి, అంగళ్లు, వైద్యశాల, పచ్చిక మైదానము అన్నియు లోపలనే యుండునట్లు ఏర్పాటు. పసిపిల్లలు పెద్దబాట దాటకయే బడికి పోవచ్చునని మావారు మురిసిపోయిరి. నాకు మాత్రము మొదటి ఉదయముననే చిక్కు వచ్చినది. పాలకని పోయి త్రోవ తప్పితిని. ప్రతి మూలయు నొక్కతీరు, ప్రతి యిటుకగోడయు నొక్కతీరు. మన ఊళ్లలో వేపచెట్టు, రామాలయము, కంసాలివారి యిల్లు అని గుర్తులు చెప్పుకొందుము. అచ్చట గుర్తన్న అంకెయే. మొదటి పటములో పదమూడవ సెక్టారు లేదు, పాశ్చాత్యులకు ఆ యంకె అశుభమట. శకునములు మనకే యున్నవని ఇన్నాళ్లు సిగ్గుపడితిని!

ఆ గృహములను రూపొందించినవారిలో జేన్ డ్రూ అను ఆంగ్లేయ వనిత యొకరు. 22వ సెక్టారులోని తొలి నిర్మాణములలో ఆమె పని చాల కలదు. జవానులకు గట్టిన మిగుల చిన్న యిండ్లకును రెండు గదులు, వంటయిల్లు, స్నానమునకు చోటు ఏర్పరచిరి. వంటయింటికి వెలుతురు రావలెనన్న ఊహ పురుషులకు తోచుట అరుదు కదా.

ఇక బజారు. 17వ సెక్టారులో బండ్లు చొరరాని విశాలమైన అంగణము, చుట్టును పెద్ద దుకాణములు కలవు. అది నడచి చూచుటకు బాగు. కొనుటకు 22వ సెక్టారులోని శాస్త్రి మార్కెట్టు మేలు. ఫుల్కారీ ఓణీలకై నేను అచ్చటికే పోయితిని. పూర్వము పంజాబు స్త్రీలు ముదుక ఖద్దరుపై పురిలేని పట్టుదారముతో, బట్ట వెనుకవైపునుండి పోగులు లెక్కించుచు ఈ పని చేసెడివారు. ముందువైపు పొడుగు కుట్లు పూవులుగా తేలును, వెనుక చిన్న చుక్కలే కనబడును. నేల కనబడకుండ నిండుగా కుట్టినదానిని బాగ్ అందురు. మనుమరాలి పెండ్లికని అవ్వలు ఏండ్ల తరబడి కుట్టెడివారు. నేడు అంగళ్లలో వ్రేలాడునవి చాలవరకు మరకుట్టు. కొనునపుడు తప్పక వెనుకకు త్రిప్పి చూడుడు. పూవుల క్రింద వేరొక రంగు దారము సమముగా పరచుకొనియున్నచో అది మరపని. నాకు చేతిపని యనిచెప్పి చూపిన ఓణీ అట్టిదే. త్రిప్పి చూపగనే అంగడివాడు నవ్వి పండ్రెండువందలనుండి ఏడువందలకు దిగినాడు. మరపని యని తెలిసియే కొంటిని. రంగు బాగుండెను, నా చేతిలో అంతకు మించి లేదు. పరాందీలు మన జడకుచ్చులకు అప్పచెల్లెండ్రు. అమృతసరపు వడీలు మినుముతో చేసిన వడియములే, మిరియము దండిగా నుండును. వేయించి కూరలో వేయవలెను. అవియు రెండు పొట్లములు తెచ్చితిని.

శాసనసభ, సచివాలయము, ఉన్నత న్యాయస్థానముగల ప్రదేశమును 2016లో ప్రపంచవారసత్వ స్థలముగా గుర్తించిరి. 85 అడుగుల ఎత్తున గాలికి తిరుగు లోహహస్తము చూడదగినదే. మా అత్తగారు మాత్రము ఇంత కాంక్రీటు ఎండలో నిలిచి చూచుట వారివల్ల కాదని చెట్టునీడకు పోయిరి.

అక్కడికి చేరువనే రాతితోట కలదు. నేక్‌చంద్ అను నతడు దేశవిభజనలో స్వగ్రామము విడిచి వచ్చినవాడు, ప్రభుత్వపు రోడ్ల శాఖలో తనిఖీ ఉద్యోగి. నగరము గట్టుటకై అచ్చటి పల్లెలను ఖాళీ చేయించి ఇండ్లను కూల్చివేసిరి. ఆ శిథిలములలో పడియున్న పెంకులు, పగిలిన పింగాణీ, గాజుముక్కలు అతడు సైకిలుపై మోసికొని పోయి, 1957 మొదలు అడవిచాటున ఎవరికిని తెలియకుండ బొమ్మలు చేయసాగెను. అధికారుల కంట బడుటకు సుమారు పదునెనిమిదేండ్లు పట్టినది. ప్రభుత్వపు నేలలో అనుమతి లేక చేసిన పని, కూల్చివేయవలసినదే. కాని జనులు మెచ్చిరి. 1976లో తోటను అందరికిని తెరచిరి. 2015లో ఆయన మరణించెను.

వంగి నడువవలసిన వాకిళ్లు దాటి పోగా, వరుసలు వరుసలుగా ఆడువారి బొమ్మలు. వారి మేనికి చీరలు పగిలిన గాజులే. ఎరుపు, ఆకుపచ్చ, నీలము! నేను అందమునకు అబ్బురపడుచుంటిని. అత్తగారు ఒక బొమ్మయెదుట నిలిచి కదలలేదు. "ఈ గాజులన్నీ ఎవరి చేతులవో కదే" అనిరి. వారి పుట్టినూరు కర్నూలు జిల్లాలో కృష్ణయొడ్డున నుండెడిది. 1981లో శ్రీశైలము జలాశయములో మునిగినది. ఇల్లు కూల్చుటకు మనుషులు వచ్చిన దినమున తమ తల్లి గోడనుండి అద్దము పీకుకొనుచు రెండు గాజులు పగులగొట్టుకొన్నదని, ఏరుకొనుటకు తీరిక లేకపోయినదని అప్పుడు చెప్పిరి. పెండ్లియై ఆ యింట అడుగుపెట్టి పదునాలుగేండ్లైనను నేనీమాట వినియెరుగను.

సాయంకాలము సుఖ్నా చెరువు గట్టున గూర్చుంటిమి. కొండలు నీటిలో కనబడుచుండెను. కొండలనుండి వచ్చు వాగునకు 1958లో కట్ట వేసి దీనిని చేసిరని మావారు వివరించుచుండిరి. "దీని క్రింద ఊరున్నదా నాయనా?" అని అత్తగారు అడిగిరి. వాగు పారెడిదని మాత్రమే ఆయన చెప్పగలిగిరి. ఆమె మరల అడుగలేదు.

మరునాడు శాస్త్రి మార్కెట్టునకు ఆమెయే నన్ను తీసికొనిపోయిరి. బేరమాడకయే ఆకుపచ్చ గాజులు రెండు డజన్లు కొనిరి. రైలులో ఒకటి చిట్లినది. ఆ ముక్కలు పారవేయబోగా నా చేయి పట్టుకొని, కొంగున ముడివేసికొనిరి.