శిశువు తొలి హక్కు ముర్రుపాలు

మన ఇళ్ళలో బిడ్డ పుట్టగానే చెవిలో అజాన్ వినిపిస్తారు. ఆ వెంటనే ఎవరో ఒక పెద్దావిడ తేనె సీసా వెతుకుతారు. వేలిని తేనెలో ముంచి బిడ్డ నాలుకకు రాస్తారు. సాయంత్రానికి ఘుట్టీ వస్తుంది. ఊరిని బట్టి ఆముదం చుక్క, అరగదీసిన వస, పంచదార నీళ్ళు కూడా వస్తాయి. తల్లి పాల వంతు మాత్రం మూడో రోజుకు గాని రాదు. పాలు పడక కాదు. పడిన పాలను పిండి పారబోస్తారు. పసుపుపచ్చగా, చిక్కగా, జిగటగా ఉండే ఆ ముర్రుపాలు పసికందుకు అరగవని నమ్మకం.

ఈ విషయం గురించి వ్రాయడానికి మాకున్న అర్హత వైద్యం చదవడం కాదు, పొరపాటు చేయడం.

మా మొదటి సంతానం మా అత్తగారింట్లో కలిగింది. అప్పటికి మేము మదరసాలో బోధన మొదలుపెట్టి రెండేళ్ళు. మా అత్తగారు తేనె గిన్నె పట్టుకుని గుమ్మం దగ్గరకు వచ్చి, "బాబూ, మీరు చదువుకున్నవారు. ఇది సున్నతే కదా?" అని అడిగారు. మేము తల ఊపాము. తహ్నీక్ సున్నతు. తేనెలో స్వస్థత ఉందని దివ్య ఖుర్ఆన్‌లోని నహ్ల్ సూరా చెబుతోంది. ఈ రెండు వేర్వేరు విషయాలను మా మనసు ఒకటిగా కలిపేసింది. మూడు రోజుల పాటు బిడ్డ కడుపులోకి వెళ్ళినవి తేనె, పంచదార నీళ్ళు మాత్రమే. నాలుగో రోజు పాప ఏడవడం మానేసింది. ఒళ్ళు కాలిపోతోంది. రొమ్ము అందించినా పట్టుకునే శక్తి లేదు. ఆసుపత్రిలో డాక్టరమ్మ "ఇప్పటిదాకా ఏం పట్టారు?" అని అడిగారు. మా జవాబు విని ఆమె ఏమీ అనలేదు. కలం కింద పెట్టి, ఒకసారి మా గడ్డం వైపు, టోపీ వైపు చూశారు. ఒంట్లో నీరు బాగా తగ్గిపోయిందని చెప్పి బిడ్డను చేర్చుకున్నారు. అల్లాహ్ దయ వల్ల ఆరు రోజుల తర్వాత పాపను ఇంటికి తెచ్చుకున్నాము.

ఆ చూపే మమ్మల్ని మళ్ళీ గ్రంథాల దగ్గరకు పంపింది.

ముందుగా తహ్నీక్ సంగతి. సహీహ్ బుఖారీలో హజ్రత్ అస్మా (రజియల్లాహు అన్హా) కుమారుడు అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ విషయంలోనూ, హజ్రత్ అబూ మూసా అష్‌అరీ (రజియల్లాహు అన్హు) కుమారుడు ఇబ్రాహీం విషయంలోనూ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) తహ్నీక్ చేసింది ఖర్జూరంతో. తేనెతో కాదు. ఖర్జూరం దొరకని పక్షంలో ఏదైనా తీపి పదార్థం వాడవచ్చునని, వాటిలో తేనె మేలని హాఫిజ్ ఇబ్నె హజర్ వ్రాసిన మాట నిజమే. అది ఒక మహాపండితుని అభిప్రాయం, తన కాలంలో తెలిసిన విషయాల ఆధారంగా చెప్పినది. పైగా దానికి షరతు ఖర్జూరం దొరకకపోవడం. నేడు మన వీధి చివరి కిరాణా కొట్టులో కూడా ఖర్జూరం దొరుకుతోంది!

తేనె వల్ల భయమేమిటి? కొన్ని తేనెలలో క్లాస్ట్రీడియం బొట్యులినం అనే సూక్ష్మజీవి బీజాలు ఉంటాయి. పెద్దల పేగులలో అవి మొలకెత్తవు. ఏడాది నిండని పసిపిల్లల పేగులలో మొలకెత్తి విషాన్ని పుట్టించగలవు. మొదట మలబద్ధకం, ఆపై ఏడుపు నీరసించడం, పాలు పీల్చలేకపోవడం, మెడ, కాళ్ళు, చేతులు వాలిపోవడం. చివరకు ఊపిరి కండరాలకే పాకవచ్చు. ఇది అరుదైన జబ్బే. కానీ తేనె స్వచ్ఛమైనదైనా, అడవిదైనా, కాచినదైనా ఈ ప్రమాదం తొలగదు. మామూలు కాపుకు ఆ బీజాలు చావవు. కనుకనే ఏడాది నిండేవరకు తేనె వద్దని వైద్యులు అంటారు. దానివల్ల ఆయతుకు వచ్చే లోటేమీ లేదు. తేనెలో స్వస్థత ఉందని చెప్పిన ఆయతు, దానిని నవజాత శిశువు నోట పెట్టమని చెప్పలేదు. వస గురించీ ఇదే మాట. మాటలు త్వరగా వస్తాయని పోసే ఆ వస వల్ల పిల్లలకు వాంతులు పట్టుకున్న సందర్భాలున్నాయి.

ఇక ముర్రుపాలు. మా మనసును ఎక్కువగా కలచివేసింది ఇక్కడే. విద్యార్థి దశలో ఇమాం నవవీ (రహిమహుల్లాహ్) 'మిన్హాజ్' గ్రంథంలో భరణపోషణల అధ్యాయం చదివాము. తల్లి తన బిడ్డకు 'లిబా' పట్టడం వాజిబ్ అని అందులో స్పష్టంగా ఉంది. లిబా అంటే ప్రసవమైన వెంటనే వచ్చే పాలు, మన ముర్రుపాలు. తర్వాతి పాలు వేరే స్త్రీ పట్టినా సరే, ఈ తొలిపాలు మాత్రం తల్లే ఇవ్వాలి, ఇవి లేకుండా బిడ్డ సాధారణంగా బ్రతకదని షాఫియీ ధర్మవేత్తలు కారణం చూపారు. మనలో అధికులు హనఫీలమే అయినా ఆ కారణం మజ్‌హబ్‌తో మారేది కాదు. ఆ వాక్యానికి అర్థం చెప్పి పరీక్షలో మార్కులు తెచ్చుకున్న మేమే, మా సొంత బిడ్డ వేళ దానిని మరచిపోయాము.

ఆశ్చర్యమేమంటే, ఆనాటి వైద్యశాస్త్రం దీనికి భిన్నంగా చెప్పేది. ఇబ్నుల్ ఖయ్యిం (రహిమహుల్లాహ్) తన 'తుహ్ఫతుల్ మౌదూద్'లో, తొలి రెండు మూడు రోజులు తల్లి పాలు చిక్కగా ఉంటాయి కనుక మరో స్త్రీ పాలు పట్టడం మంచిదని వ్రాశారు. ఆయనైనా ఆ చోట మరో స్త్రీ పాలన్నారే గాని తేనె అనలేదు. అదే గ్రంథంలో పళ్ళు వచ్చేవరకు బిడ్డకు పాలు తప్ప మరేదీ ఇవ్వరాదని కూడా హెచ్చరించారు. మన పెద్దలు మొదటి మాటను పట్టుకుని రెండవదానిని వదిలేశారు. నేటి వైద్యం మాత్రం ముర్రుపాల విషయంలో ఫిఖహ్ పండితులతో ఏకీభవిస్తోంది. ఆ పాలలో రోగాలను ఎదుర్కొనే రక్షక పదార్థాలు మెండుగా ఉంటాయి. అవి కొద్దిగానే వస్తాయి, తొలిరోజు బిడ్డ పొట్టకు ఆ కొద్దే చాలు. పుట్టిన గంటలోపు పాలు పట్టాలని, ఆరు నెలల వరకు నీళ్ళు కూడా ఇవ్వకుండా తల్లి పాలే ఇవ్వాలని, ఆ తర్వాత వేరే ఆహారంతో పాటు రెండేళ్ళు, ఆపైన కూడా కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఆపరేషన్ ద్వారా కాన్పు జరిగిన తల్లి కూడా పక్కన ఒకరు సాయపడితే పాలు పట్టగలదు. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గంటలోపు తల్లి పాలు అందిన పిల్లలు నూటికి దాదాపు 42 మంది మాత్రమే.

రెండేళ్ళ మాట ముస్లింలకు కొత్త కాదు. బఖరా సూరా 233వ ఆయతు పూర్తికాలం పాలు పట్టించదలచినవారికి ఆ గడువు చూపింది. అదే ఆయతులో తండ్రుల వంతు కూడా ఉంది. పాలిచ్చే తల్లికి అన్నవస్త్రాలు సమకూర్చడం తండ్రి బాధ్యత. పాలు మాన్పించాలన్నా ఇద్దరూ సంప్రదించుకుని, ఇష్టపడి చేయాలి. బాలింతకు పథ్యం పేరిట కారం మెతుకులు పెట్టి, 'దీనికి పాలు లేవు' అని డబ్బా కొనుక్కొచ్చే మగవారు ఈ ఆయతును ఒకసారి నిదానంగా చదవాలి.

హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) పాలనలో మొదట పాలు మానిన పిల్లలకే భత్యం ఇచ్చేవారు. ఒక రాత్రి మదీనాలో దిగిన వర్తకుల బిడారానికి ఆయన కాపలా కాస్తూ ఒక పసిబిడ్డ ఏడుపు విన్నారు. మూడుసార్లు వెళ్ళి తల్లిని మందలించారు. ఆయన ఎవరో ఎరుగని ఆమె, ఉమర్ పాలు మానినవారికే భత్యమిస్తాడు కనుక నెలల బిడ్డకు పాలు మాన్పిస్తున్నానని చెప్పింది. ఆ ఉదయం ఫజ్ర్ నమాజులో ఏడుపు వల్ల ఆయన పఠనం వెనుకనున్నవారికి సరిగా వినపడలేదు. సలాం తర్వాత, పుట్టిన ప్రతి బిడ్డకూ భత్యం ఇస్తామని, పాలు మాన్పించడంలో తొందరపడవద్దని చాటించారు. ఇబ్నె సఅద్ 'తబఖాత్'లో ఈ ఉదంతం ఉంది.

ఆరు నెలలు నిండాక మాత్రం పాలు ఒక్కటే చాలవు. ఇక్కడ మన ఇళ్ళది వేరొక పొరపాటు. మాంసం వండుకుంటాము, బిడ్డకు షోర్వా నీళ్ళు పోస్తాము. పప్పు వండుకుంటాము, పైన తేలిన కట్టు పోస్తాము. బలం ఆ నీళ్ళలో లేదు. మెత్తగా ఉడికించి నలిపిన ఖీమా, కాలేజీ, గుడ్డు, ముద్దపప్పు, నెయ్యి వేసిన కిచిడీ, రాగిజావ, అరటిపండు ఇవ్వాలి. మొదట రోజుకు రెండు మూడుసార్లు, తొమ్మిదో నెల నుండి మూడు నాలుగుసార్లు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం తెచ్చుకోవడానికి నామోషీ పడనక్కరలేదు. అదే సర్వేలో అయిదేళ్ళలోపు పిల్లలలో నూటికి 67 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. వారానికి రెండుసార్లు మాంసం వండే ఇంట్లో కూడా ఆ బిడ్డ ఉండవచ్చు.

మొన్న రమజానులో మా పూర్వ విద్యార్థి ఒకడు తరావీహ్ ముగిసిన వేళ ఫోన్ చేశాడు. కొడుకు పుట్టాడట, తహ్నీక్ ఎలా చేయాలని అడిగాడు. బిడ్డ నెల తక్కువవాడా, నలతగా ఉన్నాడా అని ముందు డాక్టరును అడగమన్నాము. చేతులు సబ్బుతో కడుక్కుని, మెత్తగా నలిపిన ఖర్జూరం తడి మాత్రమే అంగిటికి అద్దమన్నాము, ముక్క గొంతులోకి పోకూడదు. జలుబో దగ్గో ఉన్నవారు ఆ పని చేయకూడదన్నాము. తర్వాత మేము అడిగాము, "తల్లి పాలు పట్టిందా?"

"అరగంటలోనే పట్టింది హజ్రత్. దాదీ మాత్రం తేనె సీసా పట్టుకుని అలిగి కూర్చున్నారు. ఆవిడతో మీరే మాట్లాడాలి" అన్నాడు.

ఫోన్ ఆవిడకు ఇమ్మన్నాము.